నీళ్ళు తాగిన కారు

పిల్లలూ, కడప జిల్లా పటం ఒకటి తీసి బల్లమీద పరచండి. పెన్నానది పడమటినుంచి వచ్చి, గండికోట దగ్గర కొండలను చీల్చుకొని, జమ్మలమడుగు పక్కగానూ ప్రొద్దుటూరు పక్కగానూ తూర్పుకు సాగిపోతుంది. ప్రొద్దుటూరు నగల వ్యాపారానికీ బట్టల వ్యాపారానికీ పేరుపడిన ఊరు. జమ్మలమడుగుకు దగ్గరలోని గండికోట లోయను చూడటానికి ఎంతో దూరంనుంచి జనం వస్తారు. ఈ రెండు ఊళ్ళకూ నైరుతిగా పులివెందుల ఉన్నది. అక్కడినుంచి వేలిని కాస్త ఉత్తరానికి జరిపితే చిన్న అక్షరాలలో ఒక పేరు కనిపిస్తుంది. అదే సింహాద్రిపురం.

సింహాద్రి అనగానే మీలో చాలామందికి విశాఖపట్నం దగ్గరి సింహాచలం గుర్తుకు వస్తుంది. ఆ సింహాద్రి వేరు, ఈ సింహాద్రిపురం వేరు. ఇక్కడ సముద్రపు గాలి లేదు. వానలు తక్కువ. ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. నల్లరేగడి చేలలో శనగ, తేలిక నేలలలో వేరుశనగ, బోర్ల కింద చీనీ తోటలు పండిస్తారు. కోస్తా జిల్లాలవారు బత్తాయి అనే కాయనే ఇక్కడ చీనీ అంటారు. ఈ పల్లెలలో ఎవరిని పలకరించినా మొదట వచ్చే మాట నీళ్ళను గురించే. "బోరు పోస్తున్నదా? కాలువకు నీళ్ళు వదిలినారా?" అని అడుగుతారు. లింగాల మండలంలో పార్నపల్లె దగ్గర చిత్రావతి నదిమీద కట్టిన జలాశయంలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

అటువంటి ఊరికి నేను నీళ్ళు తాగే కారులో వెళ్ళాను. ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఎట్లా కనిపెట్టామో ఇప్పుడు చెబుతాను.

2024 మార్చి నెలలో ఒక శనివారం ఉదయం, నా పాత శిష్యుడొకడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చాడు. అతనిది సింహాద్రిపురం దగ్గరి పల్లె. చీనీ తోట ఉన్నది.

"సార్, తోట పిందె పట్టింది. పిల్లలకు కూడా సెలవే గదా, రండి. రేపు సాయంత్రానికి మళ్ళీ ఇక్కడ దింపుతాను," అన్నాడు.

నా మనవడు ఏడవ తరగతి, మనవరాలు అయిదవ తరగతి. వాళ్ళు అప్పటికే చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడ్డారు.

అతని కారు ఒక పాత మారుతీ 800. మన దేశంలో చాలాకాలం చిన్నకారు అంటే ఇదే. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డుమీదికి వచ్చింది. 2014 జనవరిలో దీని తయారీ ఆపేశారు. ఇంజనుకు మూడే మూడు సిలిండర్లు. అయితే ఆ కారు వెనక భాగంలో సామాన్లకు బదులు అయిదేసి లీటర్ల నీళ్ళ డబ్బాలు మూడు ఉన్నవి.

"ఇవెందుకు మామా?" అని మా మనవరాలు అడిగింది.

"నాకు కాదమ్మా, కారుకు. ఇది నీళ్ళు తాగుతుంది. పాతికా ముప్పై కిలోమీటర్లకు ఒకసారి పోయాల," అని అతను నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు. దారిలో సంగతంతా చెప్పాడు. నాలుగు నెలలుగా కారు వేడెక్కుతున్నదట. ఒక పట్నంలో మరమ్మతు చేసే చోట చూపిస్తే, వాళ్ళు బానెట్టు ఎత్తి చూసి, "లోపల గాస్కెట్టు పోయింది, ఇంజను విప్పాల, ఇంజనే మార్చవలసి వచ్చినా రావచ్చు," అన్నారట. వాళ్ళు చెప్పిన ఖర్చు కారు ఖరీదు కంటె ఎక్కువ. అందుచేత పాత ఇనుము కొనేవాడికి అమ్మేద్దామని నిశ్చయించుకున్నాడు. కాని, పెద్ద కూతురిని బడికి దింపేదీ ఆ కారే. తండ్రిని నెలకొకసారి కంటి ఆసుపత్రికి తీసుకుపోయేదీ ఆ కారే. మరొక కారు కొనే స్థితి లేదు.

ప్రొద్దుటూరు దాటి, పెన్నమీది వంతెన దాటి, ఎర్రగుంట్ల చేరాము. అక్కడినుంచి ముద్దనూరు దారి పట్టాము. కొంతదూరం పోయేసరికి కుడిచేతి పక్క, ఎడమచేతి పక్క అని చూడకుండా పిల్లలిద్దరూ ఒకేసారి అరిచారు. ఒకరు చూసింది దూరాన ఆకాశంలోకి లేచే తెల్లని ఆవిరిని. రెండవవారు చూసింది కారు ముందునుంచి లేచే తెల్లని ఆవిరిని!

మా శిష్యుడు కారు పక్కకు తీసి చింతచెట్టు నీడలో ఆపి, ఇంజను ఆపేశాడు. మా మనవడు చప్పున దిగి, డబ్బా ఒకటి అందుకొని, రేడియేటరు మూత తీయబోయాడు. నేను వాడి మణికట్టు పట్టుకొని వెనక్కు లాగాను.

"నీళ్ళు పోయాలి గదా తాతా!" అన్నాడు వాడు.

"పోయాలి. కాని ఇప్పుడు కాదు," అన్నాను.

ఎందుకు కాదో మీరందరూ తెలుసుకోవాలి. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని చదువుకున్నారు. మూతపెట్టి ఒత్తిడి పెంచితే అవి ఇంకా ఎక్కువ వేడి దగ్గరగాని మరగవు. మీ ఇంట్లో ప్రెషరు కుక్కరు చేసే పని అదే. కారు రేడియేటరు మూత కూడా అటువంటిదే. దానిలో ఒక స్ప్రింగు ఉంటుంది. చాలా చిన్న కార్లలో అది చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.9 కిలోల ఒత్తిడి వరకు నీటిని పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీళ్ళు సుమారు 118 డిగ్రీల వరకు మరగకుండా ఉంటాయి. మనం మూత తీశామంటే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. అంతవరకు మరగకుండా ఉన్న నీళ్ళు ఒక్క క్షణంలో మరిగి, ఆవిరితో కలిసి పైకి చిమ్ముతాయి. ముఖమూ చేతులూ కాలిపోతాయి. ఇట్లా కాలినవాళ్ళు ఎందరో ఉన్నారు. పైగా, కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే లోపలి లోహం బిగుసుకొని పగులు పట్టవచ్చు. ఈ రెండు కారణాలచేత, ఇంజను చేయిపెట్టేటంత చల్లబడేదాకా కాచుకొని ఉండవలసిందే.

మేము ముప్పావుగంట చెట్టుకింద కూర్చున్నాము. ఆ సమయం వృథా కాలేదు. మాకు ఎదురుగా, ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గరి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం కనబడుతున్నది. అక్కడ 1994 లో మొదటి యూనిట్టు పనిచేయడం మొదలుపెట్టింది. దానిలో బొగ్గు మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో చక్రాలు తిప్పి, విద్యుత్తు పుట్టిస్తారు. పనిచేసిన ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చడానికి చల్లని నీళ్ళు కావాలి. ఆ చల్లార్చే నీళ్ళు తాము వేడెక్కి, పెద్ద పెద్ద బురుజులలోకి వెళ్ళి, పైనుంచి సన్నగా జారుతాయి. గాలి తగిలి వాటిలో కొంత భాగం ఆవిరైపోతుంది. ఆవిరవుతూ తక్కిన నీటి వేడిని తీసుకొని పోతుంది. కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇట్లాగే. పిల్లలు ముందుగా చూసిన తెల్లని మబ్బు అదే. అది పొగ కాదు, నీటి ఆవిరి.

"అయితే ఆ కేంద్రం కూడా నీళ్ళు తాగుతుందన్నమాట," అన్నది మనవరాలు.

"అవును. అది తాగవలసిందే. దాన్ని అట్లాగే కట్టారు. మొట్టమొదటి కార్లు కూడా అట్లా తాగినవే," అని వాళ్ళకు ఒక నిజమైన కథ చెప్పాను.

జర్మనీ దేశంలో కార్ల్ బెంజ్ అనే ఆయన మూడు చక్రాల మోటారు బండి తయారుచేశాడు. దానిమీద జనానికి నమ్మకం కుదరలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, పదిహేనేళ్ళ ఆయిగెన్, పదమూడేళ్ళ రిచర్డ్ అనే కొడుకులను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకుండా ఆ బండిలో బయలుదేరింది. మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి సుమారు 100 కిలోమీటర్లు. ఆ బండిలో ఇంజనును చల్లార్చే నీళ్ళు మరిగి ఆవిరై గాలిలో కలిసిపోయేవి. అందుచేత దారి పొడుగునా ఎక్కడ నీళ్ళు దొరికితే అక్కడ ఆగి పోసుకుంటూ వెళ్ళారు. ఇంధనం అయిపోతే ఒక మందుల దుకాణంలో కొన్నారు. ఆ ప్రయాణంతో మోటారు బండి దూరం పోగలదని లోకానికి తెలిసివచ్చింది.

తరువాత, ఆవిరై పోయే నీటిని పోనివ్వకుండా, గాలికి చల్లార్చి మళ్ళీ ఇంజనులోకి పంపే ఉపాయం వచ్చింది. విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు 1901 నాటి మెర్సిడెస్ కారుకు తేనెపట్టు వంటి రేడియేటరు అమర్చాడు. అందులో ఎనిమిది వేలకు పైగా సన్నని గొట్టాలు ఉండేవి. ఇప్పటి కార్ల రేడియేటర్లకు అదే పెద్దతాత.

"మరి మామ కారు కూడా తాగవలసిందేనా?" అని మనవడు అడిగాడు.

అదే అసలు ప్రశ్న. దానికి జవాబు: కాదు. ఇప్పటి కారు నీళ్ళు తాగదు. పెట్రోలు ఖర్చయిపోతుంది, ఎందుకంటే అది మండిపోతుంది. నీళ్ళు మండవు. అవి ఒక చుట్టు తిరుగుతూ ఉంటాయి, అంతే. పెట్రోలు మండి పుట్టిన వేడిలో సుమారు మూడవ వంతు పొగగొట్టం గుండా పోతుంది. మరొక మూడవ వంతును ఈ నీళ్ళే మోసుకుపోవాలి. ఒక చిన్న పంపు నీటిని ఇంజను గోడల మధ్యకు తోస్తుంది. అక్కడ వేడెక్కిన నీరు పై గొట్టం గుండా రేడియేటరులోకి పోతుంది. రేడియేటరులో గాలి తగిలి చల్లబడి, కింది గొట్టం గుండా మళ్ళీ ఇంజనులోకి వస్తుంది. దారిలో థర్మోస్టాట్ అనే ద్వారపాలకుడు ఉంటాడు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ అతను తలుపు వేసి ఉంచి, దాదాపు 82 డిగ్రీలు రాగానే తెరవడం మొదలుపెడతాడు. కారు నిలిచి ఉన్నప్పుడు గాలి చాలకపోతే విద్యుత్ ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. వేడికి ఉబ్బిన నీళ్ళు పక్కనున్న చిన్న తొట్టిలోకి పోయి, చల్లబడ్డాక తిరిగి వస్తాయి. చుట్టు మూసి ఉన్నది గనుక, నీళ్ళు నెలల తరబడి తగ్గకూడదు. పోసిన కొద్దీ తగ్గుతున్నవంటే ఎక్కడో దారి పడిందన్నమాట. పోస్తూ పోతే దారి మూసుకోదు.

ఇంజను చల్లబడింది. మా శిష్యుడు మూతమీద మందపు గుడ్డ వేసి, కొద్దిగా తిప్పి, ఆగి, తరువాత తీశాడు. రెండు లీటర్లకు పైగా పట్టింది. బయలుదేరాము.

నేను అతన్ని ఒక మాట అడిగాను: "ముందు వేడెక్కి, ఆ తరువాత నీళ్ళు పోతున్నాయా? లేక ముందు నీళ్ళు పోయి, ఆ తరువాత వేడెక్కుతున్నదా?"

వైద్యుడు రోగిని "జ్వరం ముందా, దగ్గు ముందా?" అని అడిగినట్టే ఇది కూడా. ఫ్యాను తిరగకపోయినా, థర్మోస్టాట్ తలుపు తెరవకపోయినా, రేడియేటరు గొట్టాలు పూడుకుపోయినా నీళ్ళు నిండుగా ఉండగానే వేడి పెరుగుతుంది, పెరిగి పొంగిపోతాయి. అట్లా కాక ఎక్కడో కారుతూ ఉంటే, నీళ్ళు ఉన్నంతసేపూ ముల్లు సరైన చోటే ఉండి, తగ్గినాక పైకి లేస్తుంది. మేము ముల్లును చూస్తూ కూర్చున్నాము. ముద్దనూరు వరకు అది సగం దగ్గరే కదలకుండా నిలిచింది. ముద్దనూరు దాటి పులివెందుల దారిలో చాలా దూరం పోయినాక గాని లేవలేదు. దాన్నిబట్టి నీళ్ళు పోవడమే ముందని తేలింది. ముల్లు మూడు వంతులకు రాకముందే ఆగి, మళ్ళీ చల్లార్చి, మళ్ళీ పోసుకొని, పడమటికి తిరిగి సింహాద్రిపురం దారి పట్టాము.

ఆ దారి పొడుగునా పిల్లలకు రాళ్ళు చూపించాను. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలలో సున్నపురాయి విస్తారంగా దొరుకుతుంది. ఇళ్ళలో పరిచే కడప బండలు ఆ రాయే. అక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిసింది కూడా ఆ రాయి ఉన్నందుచేతనే. వాననీరు ఇటువంటి రాళ్ళలో ఇంకి, సున్నాన్ని కరిగించుకొని, బోరులోంచి పైకి వస్తుంది. ఆ నీటిలో సబ్బు సరిగా నురగ కట్టదు. కాగబెడితే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. అటువంటి నీళ్ళు ఏళ్ళ తరబడి రేడియేటరులో పోస్తే, ఆ పొర సన్నని గొట్టాలలో కట్టి వేడిని బయటికి పోనివ్వదు. కారు గొట్టాలకు అది చాలా చెరుపు. అయితే ఆ సున్నమే మాకు ఎట్లా మేలుచేసిందో కాసేపట్లో వింటారు.

పట్నంలోవాళ్ళు చెప్పిన గాస్కెట్టు సంగతి కూడా ఈ ప్రాంతంతో ముడిపడి ఉన్నది. ఇంజనుకు మొండెం, తల అని రెండు భాగాలు ఉంటాయి. ఆ రెంటి మధ్య, మంటనూ నీటినీ నూనెనూ వేరువేరుగా ఉంచే పలుచని పొరే గాస్కెట్టు. పూర్వం దానిని రాగిరేకు మధ్య రాతినార పెట్టి చేసేవారు. రాతినార అంటే నిప్పులో కాలని నార వంటి ఖనిజం. పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె ప్రాంతంలో దాని గనులు ఉండేవి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేసి ప్రాణాలు తీస్తుందని తెలిసినాక, గాస్కెట్లను ఉక్కు రేకులతోనూ ఇతర వస్తువులతోనూ చేస్తున్నారు. కారు బాగా కాగిపోతే అల్యూమినియం తల వంగి గాస్కెట్టు చెడిపోవడం నిజమే. కాని చెడిందో లేదో చూసి చెప్పాలి, చూడకుండా చెప్పకూడదు.

సాయంత్రానికి తోట చేరాము. చీనీ చెట్లకు గోళీలంత పిందెలు. చెట్ల వరసల వెంట నల్లని డ్రిప్పు గొట్టాలు. మా శిష్యుడి తండ్రిగారు డెబ్భై దాటినవారు, కళ్ళు కాస్త మందం. చేతికర్రతో గొట్టం వెంట నడుస్తూ, వంగి చేత్తో తడుముతున్నారు.

"ఏం చేస్తాన్నారు పెద్దాయనా?" అని అడిగాను.

"చివరి చెట్లకు నీళ్ళు అందలేదు అయివారూ. నడిమధ్య యాడనో పోతాండాయి. నీళ్ళు ఊరికే మాయం కావు గదా, పోయిన దోవ ఉంటాది. దోవ చూడకుండా ఇంకొక గంట మోటరు ఆడిస్తే కరెంటూ దండగ, బోరూ దండగ," అన్నారాయన.

నేను మా పిల్లల వైపు చూశాను. ఇద్దరూ ఆయన వెంట గొట్టం పట్టుకొని నడవడం మొదలుపెట్టారు. పన్నెండో చెట్టు దగ్గర తడి కనిపించింది. ఆ రాత్రే మేమందరం ఒక నిర్ణయానికి వచ్చాము: కారును కూడా పెద్దాయన పద్ధతిలోనే చూడాలి.

రాత్రి కారును చదునైన చోట నిలిపి, కింద అట్టపెట్టె విప్పి పరిచాము. తెల్లవారి పిల్లలు ఒక కాగితంమీద నీళ్ళు పోవడానికి వీలున్న దారులన్నీ రాశారు. తరువాత ఒక్కొక్కటే చూస్తూ కొట్టేస్తూ వచ్చారు.

మొదట అట్ట చూశాము. పొడిగా ఉన్నది. అంటే చల్లగా నిలిచి ఉండగా కారడం లేదు. గొట్టాలు పిసికి చూశాము. పగుళ్ళు లేవు, బిగింపులు గట్టిగా ఉన్నవి. రేడియేటరు ముందూ వెనకా చూశాము. తడి మరక లేదు. మూతలోని రబ్బరు చెక్కుచెదరలేదు. ముందు సీటు కింద పరుపు తడుముతే పొడిగా ఉన్నది. అంటే కారులోపల వెచ్చదనమిచ్చే హీటరు కారడం లేదు.

ఇక గాస్కెట్టు వంతు. నూనె పుల్ల తీసి చూశాము. నూనెలో నీళ్ళు కలిస్తే పాలు కలిపిన కాఫీలాగా అవుతుంది. ఇది మామూలు నల్లనూనె. రాత్రంతా చల్లబడ్డ ఇంజను మీద మూత తీసి, మా శిష్యుడు ఇంజను నడిపాడు. మంట గాలి నీళ్ళలోకి వస్తుంటే బుడగలు ఆగకుండా రావాలి. నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి. వెనక పొగగొట్టం నుంచి, ఇంజను వేడెక్కినాక కూడా, తెల్లని ఆవిరి వస్తూ ఉండాలి. అదీ లేదు. కాగితంమీద "గాస్కెట్టు" అన్న మాటకు ఎదురుగా మా మనవడు "కాదు" అని రాయలేదు. "కాదనిపిస్తున్నది" అని రాశాడు. నాకు ఆ రాత చాలా నచ్చింది. చిన్న చిరుగు కొన్నాళ్ళపాటు ఈ పరీక్షలకు దొరకకుండా ఉండవచ్చు గనుక, అంతకంటె ఎక్కువ రాయడానికి వీలులేదు.

ఇంకొక దారి మిగిలింది: పంపు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి నా జేబులో వేసుకున్నాను. ఫ్యాను ఇంజను ఆగినా తిరగవచ్చు గనుక దాని దరిదాపుల్లోకి ఎవరినీ పోనివ్వలేదు. బెల్టు ఉన్న పక్కన, పంపు కిందిభాగం పైనుంచి కనబడదు. మా మనవరాలు ఇంట్లోని చిన్న అద్దం తెచ్చి దూరాన్నించి పట్టుకొని, దానిమీదికి బ్యాటరీ దీపం వేసింది.

"తాతా, ఇక్కడ ముగ్గు కారినట్టున్నది!" అన్నది.

పంపు అడుగున చిన్న రంధ్రం. దాని కిందినుంచి ఇంజను ఒంటిమీదుగా సన్నని తెల్లని చార. పెద్దాయన ఒక పుల్లతో కొంచెం గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"ఇది మా డ్రిప్పు గొట్టాల మూతులకు కట్టే సున్నమే," అన్నారు.

రుజువు కావాలి గదా! ఆ గీకిన పొడిమీద ఒక నిమ్మచుక్క పిండాము. అది సన్నగా బుసబుసమని పొంగింది. సున్నపురాయి పులుసు తగిలితే అట్లాగే పొంగుతుంది. సంగతి బోధపడింది. ఇంజను తిరిగేటప్పుడు, ఒత్తిడి పెరిగినప్పుడు మాత్రమే పంపు దగ్గర నీళ్ళు చెమర్చుతున్నవి. నేల మీద పడేలోపల వేడి ఇనుముమీద ఆవిరైపోతున్నవి. అందుకే అట్ట తడవలేదు, ఎవరికీ కనబడలేదు. నీళ్ళు పోయినా, వాటిలోని సున్నం పోలేదు. అది పోయిన దారిమీద గుర్తుగా మిగిలింది.

"పంపుకు ఆ రంధ్రం ఎవరు పెట్టారు? ఎలుక కొరికిందా?" అన్నాడు మనవడు.

కాదు. చేసినవాళ్ళే కావాలని పెట్టారు. పంపు ఇరుసు చుట్టూ నీటిని ఆపే ఒక బిగింపు ఉంటుంది. అది అరిగిపోతే నీళ్ళు ఇరుసు తిరిగే బేరింగులోకి పోకుండా, ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చి, "నేను అరిగిపోయాను, చూడండి," అని చెబుతాయి. నాలుగు నెలలుగా అది చెబుతూనే ఉన్నది. బెల్టు వదులు చేసి పంపు చక్రాన్ని ఊపి చూస్తే గడగడలాడింది.

మధ్యాహ్నం పులివెందులనుంచి ఒక మెకానిక్కు కొత్త పంపు తెచ్చి బిగించాడు. పాత నీళ్ళన్నీ దింపేసి, రేడియేటరును మంచినీటితో రెండుసార్లు కడిగాడు. తరువాత బోరు నీళ్ళు కాక, సున్నంలేని డిస్టిల్డ్ నీళ్ళూ కూలెంటూ కలిపి పోశాడు. కూలెంటులో గ్లైకాల్ అనే ద్రవం ఉంటుంది. చలిదేశాలలో అది నీటిని గడ్డకట్టనివ్వదు. మన దేశంలో నీళ్ళు మరిగే వేడిని కొంత పెంచి, లోహం తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అది తియ్యగా ఉంటుంది, కాని విషం. పారబోసిన కూలెంటును కుక్కలు నాకి చచ్చిపోతాయి. అందుచేత పాతదాన్ని కాలువలోకి వదలకుండా డబ్బాలో పట్టి మెకానిక్కుకే ఇచ్చాము. అయిన ఖర్చు, ఇంజను మార్చడానికి చెప్పిన ఖర్చులో ఇరవయ్యోవంతు కూడా లేదు.

సాయంత్రం అదే దారిన ప్రొద్దుటూరు చేరాము. నీళ్ళ డబ్బాలు తోటలోనే ఉండిపోయాయి. ముల్లు సగం దాటలేదు. నెల తరువాత మా శిష్యుడు ఫోను చేసి, తొట్టిలోని నీళ్ళు గీతనుంచి జరగలేదనీ, పాత ఇనుము కొనేవాడిని వెనక్కు పంపేశాననీ చెప్పాడు. గాస్కెట్టు సంగతి కూడా దాంతో తేలిపోయింది. మా మనవడు ఆ కాగితం వెతికి తీసి, "అనిపిస్తున్నది" అన్నచోట గీత కొట్టాడు.

మీ ఇంట్లో కారు ఉంటే, నెలకొకసారి ఉదయం పూట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పెద్దవాళ్ళతో కలిసి ఆ తొట్టిలో నీళ్ళ మట్టం చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గుతున్నదంటే తేదీ వేసి రాసిపెట్టండి. దారిలో ముల్లు పైకి లేస్తే, చల్లగాలి యంత్రం ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, బండి పక్కకు తీసి ఇంజను ఆపమని చెప్పండి. పైకి లేచిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే సంతోషించకండి. నీళ్ళన్నీ పోయి, వేడి కొలిచే పరికరానికి నీరు తగలడం లేదేమో! మూత మాత్రం మీరు ముట్టుకోవద్దు.

కారు లేనివాళ్ళు కూడా చేయగల పని ఒకటి ఉన్నది. మీ ఊరి బోరు నీళ్ళు ఒక గిన్నెలో అమ్మచేత ఇగిరిపోయేదాకా కాయించండి. గిన్నె చల్లారినాక అడుగున మిగిలిన తెల్లని పొరమీద నిమ్మరసం చుక్క వేయండి. వాననీరు పట్టి అట్లాగే చేసి చూడండి. రెంటికీ తేడా ఏమిటో, ఎందుకో మీ సైన్సు మాస్టారిని అడగండి.